పొంగాపు పుట్టిల్లు

మా వదిన మా ఇంటికొచ్చిన కొత్తలో ఒకసారి వంటింటి అలమరలో అడుగు సొరుగు లాగి, అలా చూస్తూ నిలబడిపోయింది. అందులో తాళంలేని తాళంచెవులు, తాళంచెవి లేని తాళం, సగం కాలిన కొవ్వొత్తి, విరిగిన కళ్లజోడు కాడ, దేనివో ఎవరికీ తెలియని మరలు, ఒకదానికొకటి అతుక్కుపోయిన రబ్బరు బ్యాండ్లు ఉన్నాయి. ప్రతి ఇంట్లోనూ ఉండే సొరుగే.

"దీన్నేమంటారు మీరు?" అని నన్ను అడిగింది.

"ఏమంటాం? సొరుగంటాం."

"ఉహూఁ. పైవన్నీ సొరుగులు. ఇది 'ఎందుకైనామంచిది'."

అంతే. ఆ పూట నుంచి మా ఇంట్లో కత్తెర కనబడకపోతే "ఎందుకైనామంచిదిలో చూడు" అనడం మొదలైంది. నాకు వదిన ఆ క్షణానే నచ్చేసింది. మా అమ్మకు అంత తొందరగా నచ్చలేదు.

అమ్మ ఉద్యోగం చేసినన్నాళ్లూ బళ్లో తెలుగు చెప్పింది. ఎవరైనా మాట తప్పు పలికితే తింటున్న చెయ్యి కంచంలోనే ఆగిపోయేది. "ఉన్న మాటల్నే ఎవరూ తిన్నగా వాడటం లేదు. లేనివి కూడా ఎందుకమ్మా?" అనేది. వదిన నొచ్చుకునేది కాదు. నవ్వేసి, ఇంకోటి వదిలేది. విప్పిన బట్టలు, ఇంకా మాయనివి, ఒక కుర్చీ మీద వేస్తాం చూడండి, దాన్ని 'రెండోపూట కుర్చీ' అంది. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గబగబా వచ్చి, ఎందుకొచ్చామో గుర్తురాక తెల్లమొహం వేస్తాం కదా, అది 'గడపమరుపు'. ఇక వెళ్లొస్తామని లేచిన చుట్టాలు ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండోది తొడుక్కోకుండా సాగదీసే మాటలన్నీ 'చెప్పుకాలి కబుర్లు'. మా మావయ్య ఈ విద్యలో దిట్ట. అసలు కబుర్లకంటే ఆయన చెప్పుకాలి కబుర్లే పొడుగు.

చిన్నప్పుడు వదిన రాసిన వ్యాసాలు ఎర్ర సిరా పూసుకుని తిరిగొచ్చేవట. "ఇలాంటి మాట లేదు" అని పక్కన రాసేవారట. ఆవిడ నవ్వుతూనే చెప్పింది గానీ, కొట్టేసిన మాటలన్నీ ఒక్కటీ మరిచిపోలేదు. "వాన పడేముందు లేత వాసనొకటి వస్తుంది కదా, దానికి 'వానలేత' అని రాశాను. కొట్టేశారు. సరే, మరి దాన్నేమనాలో చెప్పండంటే చెప్పలేదు. ఇప్పటికీ నాకు దొరకలేదు," అంది.

ఆవిడ ఉద్యోగం స్టీలు సామాన్ల కంపెనీలో. కంపెనీ అంటే పెద్దదేమీ కాదు. ముందు రెండు గదుల ఆఫీసు, వెనక రేకుల షెడ్డు, షెడ్డులో రేకును కోసే మిషన్లు, గిన్నెల్ని మెరిపించే చక్రాలు. వదిన పని అట్టపెట్టెల మీద రాత. ఏ మూత ఏ గిన్నెకు పడుతుంది, ఎలా కడగాలి, ఎక్కడ పట్టుకుంటే చెయ్యి కాలదు, అలాంటివి. యజమానిని అందరూ పెద్దసారు అనేవారు. మనసు వెన్న, కోపం మాత్రం మొదటి రకం. కోపం రాగానే చెవుల దగ్గర ఎరుపు మొదలై బట్టతల మీదుగా పాకి రెండోవైపు దిగేది. ఎదురు బల్ల దగ్గర ఆయన అక్క కూర్చునేది. ఆవిడ అందరికీ అక్కగారే. తమ్ముడి చెవులు ఎర్రబడటం కనబడగానే ఆవిడ తల ఎత్తకుండానే చెంచాతో టీకప్పు మీద టింగుమని కొట్టేది. ఆయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగి, మంచినీళ్లు తాగేవాడు.

ఆ కంపెనీలో లేతు మిషను మీద పనిచేసే మేస్త్రీ ఒకాయన ఒకరోజు అరచేతిలో పట్టేంత స్టీలు బిళ్ల ఒకటి తయారుచేసి తెచ్చాడు. అంచు కొంచెం పైకి లేచి, ఒకచోట చిన్న గాడి. పాలగిన్నె అడుగున వేస్తే చాలు. పాలు మరగబోయే ముందు బిళ్ల కింద ఆవిరి చేరి, అది ఎగిరెగిరి పడుతూ టకటకా కొట్టుకుంటుంది. పొయ్యి దగ్గర కాపలా కాయక్కర్లేదు. అందరికీ ముచ్చటేసింది. పేరు దగ్గర చిక్కొచ్చింది.

"క్షీరరక్షక," అన్నాడు పెద్దసారు ఛాతీ విరుచుకుని.

"బావుంది. భోజనం తర్వాత రెండు చెంచాలు వేసుకోవాలా?" అంది అక్కగారు.

ఎవరో మిల్క్ మాస్టర్ అన్నారు. ఎవరో పాలదూత అన్నారు. పెద్దసారు చెవులు ఎర్రబడ్డాయి, టీకప్పు టింగుమంది. చివరికి వదిన, "ఒక బిళ్ల ఇంటికి పట్టుకెళ్తాను సార్. వాడి చూడందే పేరు రాదు," అంది.

వాడటమంటే మామూలుగా కాదు. పేరున్నది పిలవడానికి కాబట్టి పిలిచి చూడాలంది. అమ్మ పొయ్యి మీద పాలు పెట్టడం, వదిన ముందుగదిలోంచి కేకెయ్యడం.

"అత్తయ్యా, క్షీరరక్షక వేశారా?"

"నువ్వు ఆ మాట పూర్తిచేసేలోపు పాలు పొయ్యిలో పడ్డాయి!" అని లోపల్నుంచి అమ్మ.

'పాలకాపరి' అని పిలిచి చూసింది. గేదెల్ని తోలుకొచ్చేవాడిలా ఉందన్నాను నేను. 'టకటకి' అంది. మా అన్నయ్య, అది పాత స్కూటరుకు పెట్టుకునే పేరన్నాడు. అన్నయ్య కారు నడపడం నేర్పిస్తాడు లెండి, ఆయనకు అన్నీ బండ్లలాగే వినిపిస్తాయి. ఇలా వారం రోజులు మా ఇంట్లో పాలు మరుగుతూనే ఉన్నాయి. తాగలేక చచ్చాం. ఒక సాయంత్రం బిళ్ల టకటకలాడుతోంది, అమ్మ ఫోనులో ఉంది, వదిన కంగారుగా నాకేసి చూసి, "పొంగు ఆపు, పొంగాపు!" అని అరిచింది. అరిచి, పొయ్యి దగ్గరకు పోకుండా అక్కడే నిలబడి, "పొంగాపు," అని మళ్లీ అంది, ఈసారి మెల్లగా, నాలిక మీద చక్కెర పలుకు పెట్టుకున్నట్టు. పాలు పొంగి పొయ్యంతా పారాయి.

అమ్మకు మాత్రం ఆ పేరు మింగుడుపడలేదు. "సంధి సరే. పొంగు, ఆపు, ఉత్వసంధి. తప్పు పట్టడానికి లేదు. కానీ అర్థం? ఇది పొంగును ఆపదు. చప్పుడు చేస్తుంది అంతే. ఆపేది మనిషి."

"చప్పుడు విని పరిగెత్తేది మనమే కదత్తయ్యా. మనం కూడా అందులో ముక్కే అనుకోండి."

"మనిషి బిళ్లలో ముక్కేమిటే!" అంది అమ్మ. కానీ మర్నాడు పొద్దున్న వంటింట్లోంచి "ఆ పొంగాపు ఎక్కడ పెట్టారు?" అనడం నేను నా చెవులారా విన్నాను. అడిగితే, "దానికి ఇంకో పేరు లేదుగా మరి," అంది విసుగ్గా.

పొంగాపు అన్న పేరుతోనే పెట్టెలు దుకాణాలకు వెళ్లాయి. కొన్నవాళ్లు పక్కింటివాళ్లకు చెప్పారు, పక్కింటివాళ్లు తోడికోడళ్లకు చెప్పారు. షెడ్డులో ఇంకో మిషను పెట్టాల్సొచ్చింది. వదినకు ఆఫీసులో కిటికీ పక్క బల్ల ఇచ్చారు. అంతవరకూ అది వస్తువు పేరే.

ఒకరోజు మా అన్నయ్య దగ్గర నేర్చుకున్నవాళ్లంతా ఒక్కసారిగా లైసెన్సు పరీక్ష గట్టెక్కారు. ఇక చూడాలి ఆయన్ని. టీ తాగుతూ మొదలుపెట్టాడు. తను లేకపోతే ఈ రోడ్ల గతేమిటి, తన శిష్యుడు హారను కొట్టిన పద్ధతి చూసి పరీక్ష పెట్టే ఆఫీసరే లేచి నిలబడ్డాడు, ఇలా. ఆపడం ఎవరి తరమూ కావట్లేదు.

"వదినా, మీ ఆయనలో ఒక పొంగాపు వెయ్యి!" అన్నాను.

అందరం కడుపు చెక్కలయ్యేలా నవ్వాం, అన్నయ్యతో సహా. ఆ మాటను అలా మొదట వాడింది నేనేనని కొన్నాళ్లు నేనూ పొంగిపోయాను. తర్వాత తెలిసింది, ఊళ్లో ప్రతివాళ్లూ తామే మొదట వాడామనుకుంటున్నారని.

అది మాకు తెలిసింది బస్సులో. నేను కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తాను, సాయంత్రం వదినా నేనూ ఒకే బస్సెక్కుతాం. ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు.

"మీ ఆయన కోపం తగ్గిందా?"

"మా చిన్నది ఉంది కదా, అదే మా ఇంటికి పొంగాపు. నాన్న గొంతు లేచిందా, పోయి ఒళ్లో కూర్చుంటుంది."

వదిన నా చెయ్యి పట్టుకుంది. పట్టుకోవడమంటే గోళ్లు దిగేలా. నేను ముందుకు వంగి, "ఏమండీ, ఆ మాట మా వదినే..." అనబోయాను. తొడమీద గట్టిగా గిల్లింది. దిగాక అడిగాను, చెప్పుకుంటే తప్పేమిటని.

"చెబితే ఆవిడ మర్యాదకి 'అలాగా' అంటుంది. ఆ తర్వాత ఆ మాట అనబోయినప్పుడల్లా నేను గుర్తొస్తాను. ఇప్పుడది ఆవిడ మాట. ఎంత బాగా వాడిందో విన్నావా?" అంది. ఇంటిదాకా నడుస్తున్నంతసేపూ ఆవిడ కాళ్లు నేలమీద ఆనలేదు.

తర్వాత పేపర్లో ఆటల పేజీలో 'గెలుపు గుర్రానికి పొంగాపు' అని పెద్ద అక్షరాల్లో వచ్చింది. ఒక డాక్టరు టీవీలో, మనసుకు ఆవేశం వచ్చినప్పుడు లోపల ఒక పొంగాపు ఉండాలన్నాడు. ఇవన్నీ చూసి మేం మురిసిపోతుండగానే, ఇంకో కంపెనీవాళ్లు అలాంటి బిళ్లే చేసి, పెట్టె మీద దర్జాగా 'మేలురకం పొంగాపు' అని అచ్చేసి దుకాణాల్లో పెట్టారు.

పెద్దసారు ఒంటికాలి మీద లేచాడు. ఆ రోజు టీకప్పు టింగుటింగుమని ఎంత మోగినా లాభం లేకపోయింది. లాయరును పిలిపించాడు. లాయరు పెట్టె తిప్పి తిప్పి చూసి, అసలు సంగతి బయటపెట్టాడు.

"వాళ్లు ఏమంటారంటే, ఇది కంపెనీ పేరు కాదు, అందరూ వాడే మామూలు మాట అంటారు. పేపర్లో వచ్చింది, టీవీలో వచ్చింది చూడండి అంటారు. మాట జనంలో కలిసిపోతే మీ చేతిలో ఉండదు. కలవకముందే ఆపాలి. ఎవరు వేరే అర్థంలో వాడినా, ఇది మా కంపెనీ పేరు, ఇలా వాడొద్దు అని నోటీసులు పంపండి."

"ఎవరు రాస్తారు?" అన్నాడు పెద్దసారు. అందరూ వదినవైపు చూశారు.

మాటను పుట్టించిన మనిషే దాని నోరు నొక్కాలన్నమాట. వదిన కాదనలేకపోయింది. ఉద్యోగం మరి. సాయంత్రాలు భోజనాల బల్ల దగ్గర కూర్చుని రాసేది. పేపరువాళ్లకు ఒకటి, టీవీ డాక్టరుకు ఒకటి. రాయడం, కొట్టెయ్యడం, కాగితం నలపడం. కొత్త మాటలు రావడం మానేశాయి. అన్నయ్య తన గొప్పలు తానే మధ్యలో ఆపి, "ఏంటోయ్, ఒంట్లో బాలేదా?" అని అడిగేవాడు. ఏం లేదనేది.

ఒక సాయంత్రం అమ్మ కళ్లజోడు తుడుచుకుని, బల్లమీదున్న కాగితం తీసుకుని చదివింది.

"'పై పదమును ఇతరార్థములలో ఉపయోగించరాదని ఇందుమూలముగా తెలియజేయడమైనది.' ఇది నువ్వు రాసిందేనా అమ్మాయ్?"

"లాయరుగారు చెప్పినట్టు రాశానత్తయ్యా."

"తప్పులైతే లేవు," అని కాగితం కిందపెట్టింది అమ్మ. "చూడూ, నేను పిల్లల మాటలు బోలెడు కొట్టేశాను. తప్పనిపించి కొట్టేశాను, ఇప్పుడైనా కొట్టేస్తాను. కానీ నలుగురి నోళ్లలో పడ్డాక మాటను కొట్టెయ్యడానికి నా చెయ్యి రాదు. ఎవరిని కొట్టినట్టు? నలుగుర్నీ కొట్టినట్టు. మీ పెద్దసారుకు ఆ సంగతి చెప్పావా?"

"నేను చెబితే వింటారా?"

"వినకపోతే ఇంకోసారి చెప్పు. నేను ఒక్కొక్క సంధి ఎన్నిసార్లు చెప్పాననుకున్నావు?"

వదిన నవ్వింది గానీ, ఆఫీసులో నోరు పెగల్లేదు. ఈలోగా పెద్దసారే ఇంకో చిచ్చు తెచ్చాడు. కంపెనీ గేటుకు ఎదురుగోడ మీద ఒక పోస్టరు వెలిసింది. 'పొంగాపు - నవ్వుల నాటిక. ఆదివారం మధ్యాహ్నం. అందరూ రావచ్చు.' మన గేటు ముందే మన పేరుతో ఆటలా అని పెద్దసారు పళ్లు నూరాడు. "నోటీసు పోస్టులో వద్దు. నాటిక అయిపోయాక అందరిముందూ చేతికిస్తాం. నేనూ వస్తాను. మీరు పట్టుకురండి," అన్నాడు వదినతో.

లేతు మేస్త్రీ ఆ పక్కనే నిలబడి ఇదంతా విన్నాడట. ఏమీ అనకుండా షెడ్డులోకి జారుకున్నాడట. అది వదిన తర్వాత గుర్తుచేసుకుంది.

ఆదివారం మేమంతా వెళ్లాం. అమ్మ కూడా బయల్దేరింది, నాటకాల్లో ఉచ్చారణ ఎలా ఏడుస్తోందో చూడాలని. చిన్న హాలు, ఇనప మడతకుర్చీలు, గోడకు ఒక ఫ్యాను గోలగోలగా తిరుగుతోంది. ముందు వరసలో పెద్దసారు, పక్కన అక్కగారు, ఆవిడ పక్కన ఒళ్లో నోటీసు కవరుతో వదిన. వెనక వరసలో మేం.

తెర తీశారు. వేదిక మీద రెండు బల్లలు ఎదురెదురుగా ఉన్నాయి. ఒక బల్ల దగ్గర బట్టతల విగ్గు పెట్టుకున్న ఒకాయన కూర్చున్నాడు. రెండో బల్ల దగ్గర పెద్దావిడ ఒకావిడ టీ తాగుతోంది. బట్టతలాయన ఫోనెత్తి ఎవరిమీదో లేచాడు. పెద్దావిడ తల ఎత్తకుండా చెంచా తీసుకుని కప్పు మీద టింగుమని కొట్టింది. ఆయన నోరు తెరిచినట్టే ఆగిపోయాడు.

మా ముందు వరసలో వదిన వీపు కర్రలా బిగిసిపోయింది. పెద్దసారు చెవులకేసి చూశాను. అప్పుడే మొదలైంది ఎరుపు. బట్టతల సగం దాకా పాకింది కూడా. వేదిక మీద బట్టతలాయన మళ్లీ లేచాడు, ఈసారి టపాలో తప్పు వచ్చిందని. టింగు. మళ్లీ లేచాడు, ఫ్యాను తిరగట్లేదని. టింగు. హాలంతా నవ్వులు. ఇంతలో పెద్దావిడ కప్పు చేజారి పగిలిపోయింది. బట్టతలాయన పళ్లు నూరుతూ, ఎరుపెక్కి, ఎప్పుడు మోగుతుందా అని చెవి ఒగ్గి ఆగాడు. మోగలేదు. అటు చూశాడు, ఇటు చూశాడు. కోపమేమో ఉంది, ఆపేది లేదు, ఏం చెయ్యాలో తెలియక, చివరికి తానే తన బల్లమీది గ్లాసును పెన్నుతో టింగుమని కొట్టుకుని, బుద్ధిగా మంచినీళ్లు తాగాడు.

హాలు దద్దరిల్లింది. ఆ గోలలో పెద్దగా, గండి పడ్డట్టు ఒక నవ్వు వినబడింది. పెద్దసారు! మొదట తన కుర్చీ అంచులు పట్టుకుని ఆపుకోవాలని చూశాడు. తర్వాత అక్కగారి భుజం మీద తల వాల్చి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ, "అక్కా, నేను నిజంగా అలాగే ఉంటానా?" అని అడిగాడు.

"వాడు కొంచెం నయం," అంది అక్కగారు.

నాటిక అయ్యాక, రాసినవాళ్లు ముందుకు రావాలని పిలిచారు. సిగ్గుపడుతూ ఒకావిడ వచ్చింది. ఆసుపత్రిలో నర్సుగా చేస్తూ తీరిక దొరికినప్పుడు నాటికలు రాస్తుందట. పెద్దసారు ఆవిణ్ని చూసి కళ్లు నులుముకుని, "ఈవిడ మన లేతు మేస్త్రీ భార్య కదూ?" అన్నాడు. వెనక్కి తిరిగి చూస్తే మేస్త్రీ ఒక స్తంభం చాటున, అంటే సగమే చాటున, నిలబడి ఉన్నాడు. మనిషి కాస్త భారీ.

తెర వెనక్కి వెళ్లాం. నర్సమ్మ వదిన చేతిలో కవరు చూసింది. "అది నాకేనా అండీ?" అని చెయ్యి చాచింది. వదిన కవరు ఇవ్వలేదు. పెద్దసారువైపు తిరిగింది.

"సార్, ఒక్క మాట. ఇది మనింట్లో పుట్టిన పిల్ల. పెళ్లిచేసి పంపాం అనుకోండి. ఒక ఇంటికి కాదు, ఊళ్లో అన్ని ఇళ్లకీ కోడలైంది. అక్కడ వాళ్లకి నచ్చినట్టు పిలుచుకుంటారు, వాళ్ల పనులు చేయించుకుంటారు. వెనక్కి లాక్కొచ్చి గదిలో పెట్టి గొళ్లెం వేస్తే ఎవరికి సుఖం? అత్తారిళ్లు ఎన్నైనా ఉండనివ్వండి సార్. పుట్టిల్లు మాత్రం ఒకటే. అది మనది. అదే చెబుదాం పెట్టె మీద."

ఎరుపు వస్తుందేమోనని అందరం పెద్దసారు చెవులకేసే చూస్తున్నాం. అక్కగారి చేతిలో కప్పు కూడా లేదు.

"పుట్టిల్లు," అన్నాడు చివరికి. ఇంకోసారి అని చూసుకున్నాడు. "పొంగాపు పుట్టిల్లు. పెట్టె మీద పట్టే సైజేనా?"

"పడుతుంది సార్."

"లాయరుగారికి ఏం చెప్పాలి?"

"ఈ నాటిక మళ్లీ వచ్చే ఆదివారం కూడా ఉందట. టిక్కెట్టు పంపుదాం," అంది అక్కగారు.

మా వెనక నుంచి అమ్మ ముందుకొచ్చింది. నర్సమ్మ చెయ్యి పట్టుకుని, "ఉచ్చారణ స్పష్టంగా ఉంది. ఆ పెద్దావిడ వేషం వేసినమ్మాయికి మాత్రం శ, ష తేడా తెలియట్లేదు, కాస్త చెప్పు," అంది. ఆవిడ నోట అంతకంటే పెద్ద మెప్పు నేనెప్పుడూ వినలేదు.

కొత్త పెట్టెల మీద 'పొంగాపు పుట్టిల్లు' అని పడింది. పోటీ కంపెనీ బిళ్లలు దుకాణాల్లో పక్కపక్కనే ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. కొనేవాళ్లు రెండూ చూసి, "పుట్టింటిది ఇవ్వండి" అని అడగడం మొదలుపెట్టారు. కొందరు పక్కదే కొంటారు. పెద్దసారుకు కోపం వస్తూనే ఉంది, కానీ మోగేదాకా ఆగకుండా ఒక్కోసారి తానే గ్లాసు మీద కొట్టుకుంటాడట. వదిన ఆ విషయం చెప్పి చెప్పి నవ్వేది. నోటీసు కాగితాల వెనకవైపు కొత్త మాటలు మళ్లీ వచ్చిపడ్డాయి.

కొన్నాళ్లకు మేస్త్రీ ఇంకోటి చేశాడు. గిన్నె అంచుకు తగిలించే చిన్న కొక్కెం. గరిటెను దానికి ఆనిస్తే కూరలోకి జారిపోదు. వదిన ఎప్పట్లాగే ఇంటికి తెచ్చింది. గరిటెకాపు, గరిటెపీట, జారనీయం, ఇలా బోలెడు పిలిచి చూసింది. ఏదీ పలకలేదు. అన్నయ్య 'గేరు' అన్నాడు, ఎవరూ పట్టించుకోలేదు.

అమ్మ పొయ్యి దగ్గర వీపు మాకేసి పెట్టి నిలబడి ఉంది. కొక్కేనికి గరిటె ఆనించి, కొంచెం దూరం జరిగి చూసి, మళ్లీ దగ్గరకు వచ్చింది.

"ఏం లేదు, ఊరికే అంటున్నా. ముక్కు వంకర చూస్తే చిలకలా లేదూ? గోడకు చిలక్కొయ్య ఉన్నప్పుడు, గిన్నెకు గరిటెచిలక ఉండకూడదా?" అంది, వెనక్కి తిరక్కుండానే.

వదిన పోయి అమ్మను వెనకనుంచి వాటేసుకుంది. "వదులు, చెయ్యి కాలుతుంది," అంటూనే అమ్మ అక్కడే నిలబడింది.

"నా వాటిల్లో ఒక్కటీ దీని కాలి గోటికి సరిపోదత్తయ్యా."

"సరే సరే. ఇద్దరమూ కలిసి చేసిందనుకో," అంది అమ్మ.

కంపెనీలో ఆ పేరు విని పెద్దసారు ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. పెట్టె మీద రెక్కలు ముడుచుకున్న చిలక బొమ్మ కూడా వేయించాడు. పేరు ఎవరు పెట్టారో ఎవరికీ చెప్పొద్దని అమ్మ మా అందరి దగ్గరా మాట తీసుకుంది. తన దగ్గర పాఠం చెప్పించుకున్నవాళ్లెవరైనా వింటే నవ్వుతారట.

మొన్న అమ్మతో కలిసి సామాన్ల దుకాణానికి వెళ్లాను. నేను సబ్బులు ఏరుకుని వచ్చేసరికి అమ్మ గిన్నెల వరస దగ్గర ఉంది. గరిటెచిలక పెట్టెలు కొన్ని అటు తిరిగి, కొన్ని వెనక్కి తిరిగి ఉన్నాయి. అమ్మ ఒక్కొక్కటే తీసి, దుమ్ము చీరచెంగుతో తుడిచి, పేరు దారిన పోయేవాళ్లకు కనబడేలా తిప్పి పెడుతోంది. దుకాణం కుర్రాడు వచ్చి, "ఏం కావాలండీ?" అని అడిగాడు.

"ఏమీ వద్దు నాయనా, ఊరికే చూస్తున్నా," అని, అమ్మ ఇంకో పెట్టె అందుకుంది.